హెచ్-1బీ: చట్టం కదలదు, రూల్సు ఆగవు

అమెరికన్ కంపెనీలు విదేశీ నిపుణులను పనికి తెచ్చుకునే వీసా హెచ్-1బీ. దాని లాటరీలో ఒక పేరు నమోదు చేయడానికి 2024 మార్చిలో కంపెనీ కట్టిన రుసుము పది డాలర్లు. మరుసటి మార్చిలో అదే నమోదుకు 215 డాలర్లు. ఆ సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్న మనిషి కోసం కొత్తగా పిటిషన్ వేయాలంటే వీటికి తోడు లక్ష డాలర్లు. అప్పటి మారకం రేటులో దాదాపు 88 లక్షల రూపాయలు. ఇంత జరిగినా, హెచ్-1బీ ఎవరికి ఇవ్వాలి, ఏటా ఎన్ని ఇవ్వాలి అని చెప్పే చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మొదటి పెంపు ఇమిగ్రేషన్ శాఖ రాసుకున్న రూలు. రెండోది అధ్యక్షుడు ట్రంప్ ఒక శుక్రవారం సంతకం పెట్టిన ప్రకటన.

మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ ఫలానా అధ్యక్షుడు మంచివాడా, చెడ్డవాడా అన్న దగ్గరే ఆగిపోతుంది. అధ్యక్షులు మారుతుంటారు. మారనిది ఏమిటో ముందు చూడాలి, ఎందుకంటే ఆర్థిక ప్రభావాలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

ఏటా 65,000 వీసాలన్న పరిమితి 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోది. డాట్‌కామ్ ఊపులో కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) దాన్ని తాత్కాలికంగా 1,15,000కు, ఆ తర్వాత 2001 నుంచి 2003 వరకు 1,95,000కు పెంచింది. అమీర్‌పేటలో జావా నేర్చుకుని విమానం ఎక్కిన తరానికి తలుపు తెరిచిన అంకె అదే. గడువు తీరగానే పరిమితి మళ్లీ 65,000కు పడిపోయింది. 2004లో చేసిన మరో చట్టం అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20,000 కలిపింది. అంతే. స్మార్ట్‌ఫోను, క్లౌడు, ఏఐ అన్నీ ఆ తర్వాత వచ్చినవే, అంకె మాత్రం అక్కడే ఉంది. విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు ఈ లెక్కలోకి రావు, వాటికి పరిమితి లేదు.

సీట్లు ఇన్నే అని తేలిపోయాక, ఇక రూల్సు చేయగలిగేది పంపకం ఒక్కటే. పెద్ద హీరో సినిమా మొదటి రోజు సంగతి మనకు తెలిసిందే. టికెట్టు రేటు పెంచుకోమని ప్రభుత్వం జీవో ఇస్తే ఆ డబ్బు నిర్మాతకు పోతుంది, ఇవ్వకపోతే బ్లాకులో అమ్మేవాడికి పోతుంది. ప్రేక్షకుడి జేబుకు చిల్లు ఎటూ తప్పదు, హాల్లో కుర్చీలు మాత్రం పెరగవు. హెచ్-1బీ మీద వాషింగ్టన్ ముప్పై ఏళ్లుగా తెచ్చిన రూల్సులో చాలావాటిని ఇలా చదవొచ్చు: కొరత వల్ల పుట్టిన ఆ మిగులు ఈసారి ఎవరి జేబులోకి వెళ్లింది?

వీసాల కన్నా అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి తీసే లాటరీనే తీసుకోండి. 2020లో ఆన్‌లైన్ నమోదు మొదలయ్యాక పది డాలర్లు పడేస్తే చాలు, పూర్తి దరఖాస్తు అక్కర్లేదు. ఒకే మనిషి పేరు నాలుగైదు కన్సల్టెన్సీల నుంచి వేయించడం ఒక వ్యాపారమైపోయింది. 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి దాదాపు 7.8 లక్షల నమోదులు వస్తే, వాటిలో నాలుగు లక్షలకు పైగా ఒకటికి మించి ఎంట్రీలున్న పేర్లవే. నిజాయితీగా ఒకే కంపెనీ నుంచి వేసినవాడి అవకాశం అలా సన్నగిల్లింది. ఇందులో మనవాళ్ల కన్సల్టెన్సీల పాత్ర ఏమిటో అమెరికాలో ఉన్న ఏ తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగిని అడిగినా చెబుతాడు. మరుసటి ఏడాది శాఖ ఒక చిన్న రూలు తెచ్చింది. లాటరీలో లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టు, కంపెనీలు ఎన్నయినా మనిషికి ఒక్కటే చీటీ. అర్హమైన నమోదులు 4.7 లక్షలకు, ఆపై ఏడాది 3.44 లక్షలకు దిగాయి. కాంగ్రెస్ ఏళ్ల తరబడి పట్టించుకోని రోగానికి రెండు పేరాల మందు. రూల్సంటే వేధింపే అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చూపించాలి.

అలాగని ఈ రూల్సన్నీ ఒకే బరువున్నవి కావు. ఎంత తేలిగ్గా పుట్టిన రూలు అంత తేలిగ్గా పోతుంది. అన్నిటికీ పైన కాంగ్రెస్ చట్టం, దాన్ని ఎవరూ తేలిగ్గా కదపలేరు. దాని కింద శాఖలు చేసే నిబంధన. 1946 నాటి పరిపాలనా విధానాల చట్టం ప్రకారం ముసాయిదా ఫెడరల్ రిజిస్టర్‌లో (వాళ్ల గెజిట్) అచ్చు వేసి, జనం అభ్యంతరాలు విని, వాటికి జవాబు రాశాకే నిబంధన అమల్లోకి రావాలి. తొందరపడితే కోర్టులు కొట్టేస్తాయి. 2020 అక్టోబరులో కార్మిక శాఖ, అనుభవాన్ని బట్టి నాలుగు మెట్లుగా ఉండే హెచ్-1బీ కనీస వేతన స్థాయిలను రాత్రికి రాత్రి పెంచింది. మొదటి స్థాయి అప్పటిదాకా ఆ వృత్తిలోని జీతాల వరుసలో 17వ శాతం దగ్గర (వందలో 17 మందికి అంతకన్నా తక్కువ జీతం) ఉండేది, దాన్ని 45కు జరిపింది. నాలుగో స్థాయి 67 నుంచి 95కు వెళ్లింది. ప్రజాభిప్రాయం అడగలేదన్న ఒక్క కారణంతో డిసెంబరు 1న కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు దాన్ని రద్దు చేసింది. నిబంధన కింద మెమోలు, అంటే అధికారి ఫైలును ఏ కళ్లజోడుతో చూడాలో చెప్పే అంతర్గత ఉత్తర్వులు. వీటికి అభ్యంతరాలు వినే గొడవ లేదు. వీటన్నిటి పక్కన, తన దారి తాను చూసుకునేది అధ్యక్షుడి ప్రకటన. విదేశీయుల ప్రవేశాన్ని ఆపే అధికారాన్ని 1952 చట్టమే అధ్యక్షుడికి ఇచ్చింది. లక్ష డాలర్లు దాని ఆధారంగా వచ్చినవే. అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్ కోర్టుకెక్కితే 2025 డిసెంబరు 23న వాషింగ్టన్‌లోని జడ్జి బెరిల్ హావెల్ ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పారు.

వీటిలో మెమోల శక్తిని ఎవరూ తగినంత గుర్తించరని నా అనుమానం. 2015లో కొత్త హెచ్-1బీ పిటిషన్లలో తిరస్కరణ 6 శాతం. 2017 ఏప్రిల్‌లో "అమెరికన్ సరుకే కొనండి, అమెరికన్లకే ఉద్యోగమివ్వండి" అన్న కార్యనిర్వాహక ఉత్తర్వు వెలువడి, దాని వెంట మెమోలు దిగాక, 2018లో అది 24 శాతం. కోర్టులో ఓడి 2020లో శాఖ ఆ మెమోలను వెనక్కి తీసుకుంది. 2022కల్లా తిరస్కరణ 2 శాతం. చట్టం అదే, ఫారం అదే, ఉద్యోగాలు కూడా దాదాపు అవే. 2018లో నలుగురిలో ఒకరి పిటిషన్ పోయింది, నాలుగేళ్లకు యాభై మందిలో ఒకరిది పోయింది.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. ఈ వీసాలు అమెరికన్ల జీతాలు తగ్గిస్తాయా?

ఆర్థికవేత్తల జవాబులు పైకి ఒకదానికొకటి పొసగవు. జొవాన్ని పెరి, కెవిన్ షీ, చాడ్ స్పార్బర్ 1990 నుంచి 2010 వరకు అమెరికన్ నగరాలను పోల్చారు. ఉద్యోగుల్లో విదేశీ శాస్త్ర సాంకేతిక నిపుణుల వాటా ఒక శాతం పాయింటు పెరిగిన నగరంలో, డిగ్రీ ఉన్న స్థానికుల జీతాలు 7 నుంచి 8 శాతం పెరిగాయని తేల్చారు. కర్క్ డోరన్, అలెగ్జాండర్ గెల్బర్, ఆడమ్ ఐసెన్ మరో దారి పట్టారు. లాటరీ అంటే దైవాధీనం కాబట్టి, తగిలిన కంపెనీకీ తగలని కంపెనీకీ మధ్య తేడా మొత్తం వీసాదే అవుతుంది. 2006, 2007 లాటరీలను ఇలా చూస్తే పేటెంట్లు చెప్పుకోదగ్గంత పెరగలేదు, ఒక హెచ్-1బీ ఉద్యోగి వచ్చిన చోట చాలావరకు ఇంకొకరి స్థానం తగ్గింది. జాన్ బౌండ్, గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ లెక్క ప్రకారం 1990లలో ఈ వలస లేకపోయి ఉంటే 2001 నాటికి అమెరికన్ కంప్యూటర్ నిపుణుల జీతం 2.6 నుంచి 5.1 శాతం ఎక్కువ ఉండేది. కానీ అదే లెక్క ప్రకారం సాఫ్ట్‌వేరు ఖరీదయ్యేది, మొత్తం ఉత్పత్తి తగ్గేది.

ముగ్గురిలో ఎవరు నిజం? నా దృష్టిలో ముగ్గురూ. వాళ్లు అడిగిన ప్రశ్నలే వేరు. మొదటి బృందం నగరాన్ని చూసింది: పది మంది ఇంజినీర్లు వస్తే లాయరుకు, మేనేజరుకు, ఇల్లు కట్టే కాంట్రాక్టరుకు పని పెరుగుతుంది. రెండో బృందం ఒకే కంపెనీ గోడల మధ్య చూసింది, అక్కడ కుర్చీ ఒకటే. మూడో బృందం ఒక్క వృత్తిని చూసింది, సరఫరా పెరిగితే ఆ వృత్తిలోనివాళ్ల బేరం బలం తగ్గుతుంది. టీవీ చర్చల్లో మొదటి అంకెను కంపెనీలు, మూడో అంకెను వలస వ్యతిరేకులు చేతపట్టుకుని అరుచుకుంటారు. లాభం దేశమంతా పలచగా పరుచుకుంటుంది, నష్టం కొద్దిమంది మీద చిక్కగా పడుతుంది. కంప్యూటర్ సైన్సు చదివిన అమెరికన్ కుర్రాడి కోపాన్ని జాతి ద్వేషమని కొట్టిపారేస్తే ఈ సంగతి అర్థం కాదు. ఆ కోపానికి ఆధారంగా ఒక పాత అంకె కూడా ఉంది. హెచ్-1బీల మీదే ఆధారపడ్డ కంపెనీలు ముందు స్థానికుల కోసం వెతకాలని, వాళ్లను తీసేసి వీళ్లను పెట్టకూడదని 1998 చట్టం షరతులు పెట్టింది. ఏడాదికి 60,000 డాలర్లు ఇస్తే ఆ షరతుల నుంచి మినహాయింపూ ఇచ్చింది. ద్రవ్యోల్బణంతో ముడిపెట్టడం మరిచిపోయారు. ఆ 60,000 నేటికీ 60,000గానే ఉంది.

సరే, విదేశీయులను ఆపేస్తే జీతాలు పెరుగుతాయా? ఇది అంతకంటే కష్టమైన ప్రశ్న, దీనికి మంచి జవాబు టమాటా పొలాల్లో దొరుకుతుంది. 1942 నుంచి మెక్సికో కూలీలను తాత్కాలికంగా రప్పించిన బ్రసేరో పథకాన్ని 1964 చివర్లో అమెరికా రద్దు చేసింది, స్థానిక కూలీలకు రేట్లు పెరుగుతాయని. మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హన్నా పోస్టెల్ పాత రికార్డులు తవ్వి చూస్తే రేట్లు ప్రత్యేకంగా ఏమీ పెరగలేదు. కాలిఫోర్నియా రైతులు టమాటా కోసే యంత్రాలు కొన్నారు. యంత్రం లేని పంటల సాగు తగ్గించుకున్నారు. మనిషిని ఆపితే యజమాని ఊరుకుని ఎక్కువ జీతమిస్తాడన్నది ఊహ మాత్రమే. ఆయన ముందు మరో దారి వెతుకుతాడు.

సాఫ్ట్‌వేరులో ఆ మరో దారి పేరు హైదరాబాద్. ఆర్థికవేత్త బ్రిటా గ్లెన్నన్ అమెరికన్ బహుళజాతి కంపెనీల లెక్కలు చూసి చెప్పినదేమిటంటే, దొరకని ప్రతి పది హెచ్-1బీలకు ఆ కంపెనీలు విదేశాల్లో మూడు నాలుగు ఉద్యోగాలు సృష్టించాయి. అవి ఎక్కువగా వెళ్లింది ఇండియా, చైనా, కెనడాలకు. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో ప్రపంచంలోనే తన అతిపెద్ద క్యాంపస్ భవనం తెరిచింది. 2023లో అమెరికన్ కాన్సులేట్ కూడా అదే నానక్‌రామ్‌గూడకు మారింది. వీసా కౌంటరు నుంచి ఉత్త చేతులతో బయటికొచ్చినవాడు ఆటోలో పోయి అదే అమెరికన్ కంపెనీ ఇంటర్వ్యూకు హాజరు కావచ్చు. వాషింగ్టన్‌లో ఈ రూల్సు రాసినవాళ్లు కోరుకున్నది ఇది కాదు.

అలాగని అది మనకు నికర లాభమని సంబరపడటానికీ లేదు. రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2023-24లో విదేశాల్లోని మనవాళ్లు దేశానికి పంపిన డబ్బులో 27.7 శాతం అమెరికా నుంచే, గల్ఫ్‌లోని ఏ ఒక్క దేశం కన్నా ఎక్కువ. అన్ని దేశాల నుంచి వచ్చిన మొత్తంలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.4 శాతం. కడపలో, ఖమ్మంలో ప్లాట్ల రేట్లు పెంచిన డబ్బులో ఇదీ ఉంది. హైదరాబాద్‌లో వచ్చే ఉద్యోగం ఇక్కడి పన్ను, ఇక్కడి అద్దె, ఇక్కడి హోటలు. రెండూ డబ్బే అయినా చేరే ఇళ్లు వేరు.

లోపలికి వెళ్లాక కథ మారుతుంది. ఉద్యోగాల ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఐస్‌లాండ్‌కూ 7 శాతమే, ఇండియాకూ 7 శాతమే. ఆమోదమయ్యే హెచ్-1బీల్లో 70 శాతం పైగా భారతీయులవి. ఇక వరుస ఎంత పొడవుంటుందో చెప్పనక్కర్లేదు. అందులో పది లక్షలకు పైగా భారతీయులున్నారని, కొత్తగా నిలబడేవాళ్లు 134 ఏళ్లు ఆగాలని వాషింగ్టన్‌లోని అధ్యయన సంస్థ కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో లెక్క వేసింది. ఏ కోణంలో చూసినా ఇది ఇమిగ్రేషన్ విధానం కన్నా కార్మిక విధానమే ఎక్కువ. వరుసలో ఉన్నవాడికి కంపెనీ మారితే కాగితాలు మళ్లీ మొదలుపెట్టాలి, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి. అలాంటివాడు జీతం పెంచమని గట్టిగా అడగలేడు. అమెరికన్ కుర్రాడి జీతాన్ని నిజంగా కిందికి లాగేది ఎక్కువగా ఈ కట్టుబాటేనని నా అభిప్రాయం. గ్రీన్ కార్డు త్వరగా ఇచ్చేస్తే ఇద్దరి బేరం బలమూ పెరిగేది.

ఆ 60 రోజుల వెసులుబాటు కూడా చట్టంలోది కాదు, 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీదున్న జీవిత భాగస్వాములకు పని అనుమతి 2015 నిబంధన. దానిమీద పడ్డ కేసు పదేళ్లు సాగి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో ముగిసింది. అదే నెల 30 నుంచి శాఖ ఇంకో రూలు మార్చింది. పని అనుమతి కార్డు గడువు తీరినా, రెన్యువల్ దరఖాస్తు పెండింగులో ఉంటే 540 రోజుల వరకు పని చేసుకోవచ్చన్న సౌకర్యాన్ని తీసేసింది. ఇప్పుడు కార్డు ఆలస్యమైతే ఆ ఇంట్లో ఒక జీతం ఆగిపోతుంది. ఆ భారం ఎక్కువగా భారతీయ మహిళల మీద పడింది. చట్టం ఇచ్చినది కూడా ఆఫీసు దాటి రాకపోవచ్చు. కోవిడ్ వల్ల మిగిలిన కుటుంబ వీసాలు కలిసి 2021లో ఉద్యోగ గ్రీన్ కార్డులు 2,62,000 అయ్యాయి. ఫైళ్లు సమయానికి కదలక 66,000 దాకా ఎవరికీ అందకుండా మురిగిపోయాయి.

ఇప్పుడు మళ్లీ లక్ష డాలర్ల దగ్గరికి. బ్లాకులో అమ్మేవాడికి బదులు ఖజానాకు మిగులు పోవడం ఒక రకంగా న్యాయమే అనిపిస్తుంది. కానీ ఈ రుసుముకు పరిమితి లేని సంస్థలు, పల్లె ఆసుపత్రులు కూడా దొరికిపోయాయి. పెద్ద టెక్ కంపెనీకి అది ఒక మంచి ఇంజినీరు ఏడాది బోనసు. మారుమూల కౌంటీలో డాక్టరు కోసం వెతుకుతున్న ఆసుపత్రికి అది మొత్తం నియామకపు బడ్జెట్ కావచ్చు. పైగా 2025 అక్టోబరు 20న శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు ఈ లక్ష వర్తించదు. అంటే హైదరాబాద్‌లో పదేళ్ల అనుభవం ఉన్నవాడి కన్నా డాలస్‌లో నిన్న మాస్టర్స్ ముగించిన కుర్రాడు కంపెనీకి లక్ష డాలర్లు చవక.

అదే ప్రభుత్వం 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన మరో నిబంధనతో ఆ కుర్రాడి కాళ్లకింద నేల లాగేసింది. లాటరీలో ఇక చీటీలు జీతం స్థాయిని బట్టి. నాలుగో స్థాయివాడికి నాలుగు, మొదటి స్థాయివాడికి ఒకటి. శాఖ వేసుకున్న అంచనానే చూస్తే నాలుగో స్థాయికి అవకాశం 61 శాతం, మొదటి స్థాయికి 15. కొత్తగా చదువు ముగించినవాళ్లు చేరేది ఎక్కువగా మొదటి స్థాయిలోనే. లక్ష డాలర్ల ప్రకటన వాణ్ని తీసుకోమంటుంది, లాటరీ నిబంధన వద్దంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. స్థాయి అంటే జీతం కాదు, ఆ ఊళ్లో ఆ వృత్తిలో నువ్వెక్కడున్నావన్నది. సిలికాన్ వ్యాలీలో మొదటి స్థాయి సాఫ్ట్‌వేరు ఇంజినీరుకు, చిన్న పట్టణంలో తక్కువ జీతాల వృత్తిలో నాలుగో స్థాయివాడి కన్నా ఎక్కువ జీతముండొచ్చు. చీటీలు మాత్రం రెండోవాడికే నాలుగు.

ఇంటి మీద అప్పు తెచ్చి పిల్లాణ్ని ఎమ్మెస్‌కు పంపే కుటుంబం లెక్క వేసేది ఇలా: రెండేళ్ల చదువు, మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి), ఆ మూడేళ్లలో మూడు సార్లు లాటరీ. అంటే ఐదేళ్ల పెట్టుబడి. ఈ లెక్కలో ఏ మెట్టు దేనిమీద నిలబడిందో చూడాలి. లాటరీ తీసే పద్ధతి నిబంధన. లక్ష డాలర్లు పన్నెండు నెలల గడువుతో వచ్చిన ప్రకటన, పొడిగించనూ వచ్చు. ఇక ఆ మూడేళ్ల ఓపీటీ, అప్పులో తొలి వాయిదాలు తీర్చేది దాని మీదే కదా, దాన్ని కాంగ్రెస్ ఏ చట్టంలోనూ పెట్టలేదు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) చదివినవాళ్లకు 2008లో తెచ్చిన పొడిగింపును ప్రజాభిప్రాయం అడగలేదని 2015లో కోర్టు కొట్టేసింది. 2016లో శాఖ పద్ధతిగా రాసి 24 నెలల పొడిగింపు ఇచ్చింది, 2022లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. దాన్ని ఎత్తేయడానికి కాంగ్రెస్‌లో ఓటింగు అవసరం లేదు. ఫెడరల్ రిజిస్టర్‌లో ఒక ముసాయిదా, అభ్యంతరాలకు కొన్ని వారాల గడువు, ఆపై తుది నిబంధన చాలు.